వానకు ఆగని రంగు

ఇల్లు కొందామని చూడటానికి వచ్చిన ఆ అవ్వ ముందు గదులు చూడలేదు. కొడుకూ కోడలూ చెప్పులు విడిచి హాల్లోకి పోగానే ఆమె గేటు పక్క సందులోకి తిరిగి, గోడకు అరచెయ్యి ఆనించుకుంటూ ఇంటి చుట్టూ నడిచింది. సంతలో గొర్రెను కొనే ముందు పక్కటెముకలు తడిమి చూసే మనిషి నడక అది. మాదీ గొర్లు కాసిన ఇల్లే కాబట్టి నాకు ఆ నడక తెలుసు.

ముందు రోజు సాయంత్రం మహబూబ్‌నగర్‌లో గట్టి వాన పడింది. పొద్దున తెరిపిచ్చి ఎండ కాసింది. నేనూ నా మరదలూ అవ్వ వెనకే పోయాం. మరదలంటే చనిపోయిన నా తమ్ముడి భార్య. ఇల్లు ఆమెది. నెల కిందట కొత్తగా రంగు వేయించిన వెనక గోడ అప్పటికి చాలావరకు ఆరిపోయింది. ఒక్కచోట ఆరలేదు. నేల నుంచి మనిషి ఛాతీ ఎత్తు దాకా, రెండు మూరల వెడల్పున తడి అలాగే నిలిచి ఉంది. దాని అంచులు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి.

అవ్వ ఆ తడి మీద చెయ్యి పెట్టి కాసేపు ఉంచింది. తర్వాత మా వైపు తిరగకుండానే అడిగింది.

"గీడికెంచి ఎవరిని తీస్కపోయిన్రు బిడ్డా?"

నా దగ్గర జవాబు తయారుగా ఉంది. కిటికీ పెడదామని పగలగొట్టాం, మళ్లీ వద్దనుకుని మూసేశాం. రెండు నెలలుగా ఎవరైనా అడిగితే చెప్పాలని అనుకుంటున్న మాట అది. నేను నోరు తెరిచేలోపే మరదలు చెప్పింది.

"నా పెనిమిటిని."

మూడేళ్లలో ఆ గోడ గురించి ఆమె మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

ఆ మాట అక్కడిదాకా ఎలా వచ్చిందో చెప్పాలంటే తమ్ముడి దగ్గర మొదలుపెట్టాలి. నాకంటే ఎనిమిదేళ్లు చిన్నవాడు. మా నాన్నను బాపు అనేవాళ్లం, ఆయన కొల్లాపూర్ అవతల గుట్టల్లో గొర్లు మేపిన మనిషి. నేను పత్రికల్లోకి వచ్చి పాలమూరు జిల్లా అంతా వార్తల కోసం తిరిగాను. తమ్ముడు గొర్లను వదల్లేదు. మహబూబ్‌నగర్‌లో గొర్లకు, మేకలకు మందులమ్మే దుకాణం పెట్టాడు. తెలంగాణ రాష్ట్రం వచ్చాక సర్కారు ఊరూరా గొర్లు పంచిన యేండ్లలో ఆ దుకాణం బాగా నడిచింది. అప్పుడే జడ్చర్ల రోడ్డు వైపు కొత్త కాలనీలో మూడు గదుల ఇల్లు కట్టుకున్నాడు. వెనక గది తనకోసమని చెప్పేవాడు. కిటికీలోంచి ఖాళీ జాగా, దాని అవతల గుట్ట కనిపిస్తాయని.

కాలేయం చెడింది. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానలో నెలకు పైగా ఉంచి, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ వెనక గదిలోనే మంచం వేశాం. నాలుగో రోజు పొద్దున పోయాడు.

ఆ పొద్దున మంచానికి ఒక పక్క నేను కుర్చీలో, ఇంకో పక్క మరదలు కింద కూర్చుని ఉన్నాం. ఆమె అతని చెయ్యి పట్టుకుని ఉంది. శ్వాస చాలా ఎడంగా వస్తోంది. ఒక శ్వాస వచ్చింది. తర్వాతిది రాలేదు. నేను ఎదురుచూశాను. ఇంకా రాలేదు. గడియారం చూసి, జేబులోంచి చిన్న నోట్‌బుక్కు తీసి రాసుకున్నాను. ఎనిమిది నలభై.

ఎవరూ నన్ను రాయమనలేదు. బస్సు బోల్తా పడినా, దుకాణానికి నిప్పంటుకున్నా నేను ముందు రాసుకునేది వేళ. డెస్కులో కూర్చున్నవాళ్లు మొదట అడిగేది అదే. అది పని నేర్పిన అలవాటు. తమ్ముడు దాన్ని పట్టుకుని నన్ను ఏడిపించేవాడు. "మా అన్న బువ్వ తిన్న టైము గుడ రాసిపెట్టుకుంటడు" అని దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించేవాడు.

అరగంట కాకముందే అయ్యగారికి ఫోన్ చేశారు. ఆయన అడిగిన మొదటి ప్రశ్నా అదే, ప్రాణం పోయిన వేళ ఏదని. ఇంట్లో ఉన్నవాళ్లంతా నా వైపు చూశారు. నేను నోట్‌బుక్కు చూడకుండానే చెప్పాను. అవతల పంచాంగం పేజీలు తిరిగిన చప్పుడు వినిపించింది. రేవతి నక్షత్రం ఎనిమిది యాభై రెండు దాకా ఉందని ఆయన చెప్పాడు. "పన్నెండు నిమిషాలు" అన్నాడు. కాస్త ఆగి అదే మాట మళ్లీ అన్నాడు.

ధనిష్ఠ నుంచి రేవతి దాకా ఉన్న అయిదు నక్షత్రాల్లో మనిషి పోతే మా వైపు చాలా ఇళ్లలో రెండు నియమాలు పాటిస్తారు. శవాన్ని ముందు తలుపు గుండా తీసుకుపోరు, వెనక గోడ పగలగొట్టి ఆ సందు గుండా తీస్తారు. తర్వాత ఆర్నెల్లు ఆ ఇంట్లో ఎవరూ ఉండరు. ఇవి నేను వార్తల కోసం తిరిగినప్పుడు విన్న సంగతులు. ఒకసారి దాని మీద పెద్ద కథనం కూడా రాశాను, ఎటూ మొగ్గకుండా, రెండు వైపుల వాళ్ల మాటలూ పెట్టి. ఆ రోజు మాత్రం నన్ను అడిగినవాళ్లు లేరు, నేను అడ్డుపడిందీ లేదు. పెద్దమనుషులు గడ్డపార తెప్పించారు. మరదలిని ముందు గదిలో ఆడవాళ్ల మధ్య కూర్చోబెట్టారు. గడ్డపార దెబ్బలు అక్కడికి వినిపిస్తూనే ఉన్నాయి. కొత్త ఇటుక గోడ, తొందరగా లొంగలేదు.

గడ్డపార రాకముందే దగ్గరలోని డాక్టరు వచ్చి చూసి కాయితం రాసిచ్చాడు. అందులో తొమ్మిది అయిదు అని ఉంది. ఆయన వచ్చి చూసిన వేళ వేసి ఉంటాడని అందరం అనుకున్నాం.

ఆర్నెల్లు ఇల్లు మూసి ఉంచారు. మరదలు జడ్చర్లలో ఒక గది కిరాయికి తీసుకుని, మందుల కంపెనీలో గోలీల ప్యాకింగు పనికి కుదిరింది. బిడ్డను హాస్టల్లో వేసింది. గడువు తీరాక శాంతి చేయించి ఇల్లు తెరిచారు. మేస్త్రీ వచ్చి గోడ సందు మూశాడు. ఎర్ర ఇటుకలు చేతికి అందలేదని సిమెంటు ఇటుకలతో కట్టాడు. లోపలా బయటా పూత పూసి రంగు వేస్తే తేడా తెలియదన్నాడు. మరదలు ఒక్క రాత్రి పడుకుని, పొద్దునే తాళం వేసి జడ్చర్లకు పోయింది. మళ్లీ ఉండటానికి రాలేదు.

ఆమె కోరిక చిన్నది. ఈ ఇల్లు అమ్మి జడ్చర్లలో రెండు గదులు కొనుక్కోవాలి. సెలవులకు వచ్చిన బిడ్డ కిరాయి గదిలో పెట్టె మీద పెట్టె పెట్టి చదువుకుంటోందని, ఇంటర్ అయ్యేలోపు దానికి ఒక తలుపున్న గది ఇవ్వాలని నాతో రెండుసార్లు అంది. నాతో ఎక్కువ మాట్లాడని మనిషి రెండుసార్లు అనడం చిన్న సంగతి కాదు.

ఇల్లు అమ్ముడుపోలేదు. కాలనీలో అందరికీ తెలుసు. చూడటానికి వచ్చినవాళ్లు మూల మీద కిరాణా దుకాణంలో అడ్రసు అడిగేవాళ్లు. అక్కడినుంచే వెనక్కి పోయేవాళ్లు. రెండేళ్లు ఇలా గడిచాక బ్రోకరు ఒక మాట చెప్పాడు. తాళం వేసిన ఇల్లు వాసన పట్టి ఉంది, ఖాళీ గదులు చూస్తే ఎవరికీ ఉండాలనిపించదు. హైదరాబాద్‌లో హోమ్ స్టేజింగ్ అని చేస్తున్నారు. అమ్మకానికి పెట్టిన ఇంటిని వాళ్లు ముస్తాబు చేస్తారు. తమ సామానే తెచ్చి పెట్టి, ఫోటోలు తీసి, అమ్ముడుపోయాక సామాను తీసుకుపోతారు. ఫోటోలు చూసి దూరం నుంచి వచ్చేవాళ్లు నేరుగా ఇంటికే వస్తారు, కిరాణా దుకాణం దగ్గర ఆగరు. చివరి మాట ఆయన నవ్వుతూ అన్నాడు. నాకు నచ్చింది కూడా ఆ మాటే.

ఎవర్ని పెట్టుకోవాలో తేల్చే పని మరదలు నాకు అప్పజెప్పింది. నేను దాన్ని వార్త పనిలాగే చేశాను. ఒక కాయితం మీద ప్రశ్నలు రాసుకున్నాను. ఇదివరకు ఏ ఇళ్లు చేశారు, ఆ ఇళ్ల వాళ్లతో మాట్లాడొచ్చా, సామాను ఎవరిది, ఎన్నాళ్లు ఉంచుతారు, మధ్యలో పాడైతే ఎవరి పూచీ. ఇద్దరు దొరికారు. ఇద్దరినీ వేరువేరు ఆదివారాల్లో ఇంటికి రమ్మన్నాను.

మొదట వచ్చింది హైదరాబాద్ నుంచి ఒక కుర్రాడు. ముప్పై దాటి ఉండడు. కారు దిగగానే ఇల్లు ఏ దిక్కుకు ఉందో ఫోన్‌లో చూసుకున్నాడు. నా ప్రశ్నలన్నిటికీ అడగకముందే జవాబులు చెప్పాడు. చేసిన ఇళ్ల ఫోటోలు చూపించాడు. ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది, పక్కపక్కన పెట్టి. అవే గదులంటే నమ్మబుద్ధి కాలేదు. ఇంట్లో వాళ్ల గుర్తులేవీ కనిపించకూడదని చెప్పాడు. కొనేవాళ్లు తమను తాము ఆ గదిలో ఊహించుకోవాలి, ఇంకొకరు అడ్డుగా ఉండకూడదు. గోడ మీద దండ వేసిన తమ్ముడి ఫోటో వైపు చూసి, చాలా మర్యాదగా, "మేడమ్, అది ముందుగా" అని ఆగాడు. మరదలు తలూపింది.

వెనక గదిలో సందు మూసిన చోట లోపలి పూత కొంచెం ఉబ్బి ఉంది. అతను దాని మీద వేలు పెట్టి ఇదేంటని అడిగాడు. మరదలు నా వైపు చూసింది. కిటికీ పెడదామని పగలగొట్టామని నేను చెప్పాను. అతను వెంటనే ఒప్పుకున్నాడు. ఆ గోడంతా చెక్క పలకలు కొట్టిస్తే ఫోటోలో ఆ గదే అన్నిటికంటే బాగా వస్తుందన్నాడు. అప్పటికప్పుడు ఫోన్ మీద వేలితో గీసి చూపించాడు. నిజంగానే బాగుంది.

రెండో ఆమె మహబూబ్‌నగర్ మనిషే. ఫంక్షన్ హాళ్లలో పెళ్లి డెకరేషన్లు చేసేది. కరోనా రోజుల్లో పెళ్లిళ్లు ఆగిపోయినప్పుడు, మూలన పడ్డ సోఫాలు, పూలకుండీలు పెట్టి కొత్త ఫ్లాట్లు ముస్తాబు చేయడం మొదలుపెట్టింది. ఆటోలో వచ్చింది. చేతిలో ఒక టేపు, స్కూలు పిల్లల నోటుబుక్కు. ఫోటోలు పెద్దగా లేవు. ఉన్న నాలుగూ వంకరగా ఉన్నాయి. చేసిన ఇళ్లు ఎక్కడున్నాయో చెప్పి, పోయి చూసుకోండి సార్ అంది.

ఆమె లోపలికి రాకముందు ఇంటి చుట్టూ తిరిగింది. వెనక గోడ దగ్గర ఆగింది. అప్పుడు రంగు పాతది, మరక కంటికి ఆనుతూనే ఉంది. లోపలికి వచ్చి మంచినీళ్లు అడిగి తాగింది. గదులు కొలిచింది. ఎవరు ఎక్కడ పడుకునేవాళ్లని మరదలిని అడిగింది, పొయ్యి దగ్గర నిలబడితే ఏం కనిపించేదని అడిగింది. చివరికి నేల మీద కూర్చుని మరదలితోనే మాట్లాడింది, నన్ను పక్కన పెట్టి.

"అక్కా, నేను ఇల్లు సదురుత. మంచిగ చేస్త. గని వచ్చినోల్లు అడుగుతె ఉన్నదున్నట్టు చెప్తనంటెనె పని పట్టుకుంట. గా గోడకు ఏ రంగేసినా ఎండకు ఆగుతది, వానకు ఆగది."

నేనే కలగజేసుకుని ఆలోచించి ఫోన్ చేస్తామన్నాను. ఆమె లేచి, టేపు చుట్టుకుంటూ, వెనక గది తలుపు నెమ్మదిగా దగ్గరికి వేసి వెళ్లింది.

నేను కుర్రాడిని ఎంచుకున్నాను. మరదలికి కారణాలు చెప్పాను. అతని ఫోటోలు బాగున్నాయి, అనుభవం ఎక్కువ, దూరపు కొనుగోలుదారులు వస్తారు, ఆమె సామానంతా పెళ్లి మండపం సామాను. ప్రతి మాటా నిజమే. చెప్పని కారణం ఇంకొకటి. అతనికి ఆ గోడ తెలియదు, ఆమెకు తెలుసు. ముప్పై ఏళ్లు ఫోటో పక్కన అక్షరాలు రాసినవాణ్ణి, ఫోటోలో పట్టని దాన్ని వెతకడమే నా పని. ఈసారి పట్టకపోవడమే కావాలనిపించింది. మరదలు అంతా విని, "నీ ఇష్టం బావా" అంది. ఆ మాటను నేను ఒప్పుకోలుగా తీసుకున్నాను.

వారం రోజుల్లో ఇల్లు మారిపోయింది. లోపలా బయటా రంగు. వెనక గదిలో తేనె రంగు చెక్క పలకలు. హాల్లో బూడిదరంగు సోఫా, కుండీలో ప్లాస్టిక్ ఆకులు, వంటింట్లో గాజు గిన్నె నిండా నిమ్మకాయలు. తమ్ముడి ఫోటోను, బాపు వాడిన నల్ల గొంగడిని మరదలు కలిపి చుట్టి, తన సంచిలో పెట్టుకుని జడ్చర్లకు తీసుకుపోయింది. పని అయిపోయిన రోజు చూడటానికి వచ్చి, గడప దగ్గర చాలాసేపు నిలబడింది. వెనక గదిలో తెల్ల దుప్పటి పరిచిన పెద్ద మంచం ఉంది. దాని మీద కూర్చోబోతే కింద కర్రర్రుమని చప్పుడైంది. అది మంచం కాదు, అట్టపెట్టెలు పేర్చి పైన పరుపు వేశారు. కుర్రాడు నొచ్చుకుని, ఫోటో కోసమే మేడమ్, కూర్చోవద్దు అన్నాడు. ఆమె చిన్నగా నవ్వింది. "ఈడ ఎట్లయినా ఎవలు కూసోరు లే బిడ్డా" అంది. అతను కూడా నవ్వాడు, సరదాగా అందనుకుని.

ఫోటోలు పెట్టాక ఫోన్లు వచ్చాయి. మూడు కుటుంబాలు వచ్చి చూసి, ధర దగ్గరో దూరం దగ్గరో ఆగిపోయాయి. గోడ గురించి ఎవరూ అడగలేదు. నాకు ధైర్యం పెరిగింది. నాలుగోది కొల్లాపూర్ దగ్గరి ఊరి కుటుంబం. కొడుక్కి మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం వచ్చింది, తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. కోడలికి ఫోటోల్లోనే ఇల్లు నచ్చేసింది. వాళ్లు రావడానికి ముందు రోజే వాన పడింది. ఎర్ర ఇటుక తొందరగా ఆరింది, సిమెంటు ఇటుక ఆరలేదు. ఆ పెళ్లి డెకరేషన్ల ఆమె చెప్పినట్టే జరిగింది.

మరదలు "నా పెనిమిటిని" అన్నాక కొడుకూ కోడలూ కూడా ఇంటి వెనక్కి వచ్చారు. గోడను చూశారు. కోడలు భర్త చొక్కా పట్టుకుని లాగింది. ఇద్దరూ కారు వైపు పోయారు. అవ్వ పోలేదు. బట్టలుతికే బండ మీద కూర్చుంది. ఏం రోగమొచ్చింది, పిల్లలెందరు, నీ పుట్టినూరేది అని ఒకటొకటిగా అడిగింది. మరదలు నిలబడే జవాబులిచ్చింది. ఏ నక్షత్రమని అడిగితే రేవతి అని చెప్పింది. రేవతి ఇంక పన్నెండు నిమిషాలే ఉండెనని, డాక్టరు మాత్రం కాయితంలో తొమ్మిది అయిదు వేశాడని కూడా చెప్పింది.

"టైము ఎవలు చూసిన్రు?" అని అడిగింది అవ్వ.

మరదలు నా వైపు చెయ్యి చూపించింది. అవ్వ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. నేను చూసి రాసుకున్న సంగతి చెప్పాను, నోట్‌బుక్కు ఇంకా ఉందని కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఆధారం చూపిస్తే మాట నిలబడుతుందన్న పాత అలవాటు కావచ్చు.

అప్పుడు మరదలు గోడ వైపే చూస్తూ అంది.

"నువ్వు గడియారం చూసి రాసుకున్నంక గుడ ఆయిన నా ఏలు వత్తిండు బావా."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఎప్పుడని అడిగాను. తాను చెయ్యి పట్టుకునే ఉన్నానని, నేను నోట్‌బుక్కు జేబులో పెట్టుకుని బయటికి పోయి వాళ్లకూ వీళ్లకూ ఫోన్లు చేస్తున్నప్పుడు కూడా ఆ చెయ్యి తన చేతిలోనే ఉందని చెప్పింది. ఒకసారి వేలు వత్తాడు. తర్వాత కొంతసేపటికి ఇంకోసారి. మొదటిదానికంటే మెల్లగా. ఎంతసేపటికని అడిగాను.

"ఏమో. గడియారం నాకు యాదికి రాలే."

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. అడిగాక, అడగకుండా ఉండాల్సిందనిపించింది.

"నన్ను ఎవలడిగిన్రు?" అంది.

ఆ మాటలో కోపం లేదు. నిజంగానే ఎవరూ అడగలేదు. అయ్యగారు వేళ అడిగినప్పుడు ఇంట్లో అందరూ గడియారం ఉన్న మనిషి వైపు చూశారు. చెయ్యి పట్టుకున్న మనిషి వైపు ఎవరూ చూడలేదు. నేను కూడా. ఎవరి చావు వార్త రాయడానికి పోయినా దగ్గరున్నవాళ్లని అడగకుండా రాయొద్దని కొత్త రిపోర్టర్లకు నేను చెప్పిన పాఠం. నా తమ్ముడి విషయంలో దగ్గరున్నది నేనే అనుకున్నాను.

అవ్వ బండ మీంచి లేచింది. మోకాళ్లు పట్టుకుని నిలబడి, మరదలి తల మీద చెయ్యి పెట్టింది. వాళ్ల కారు చాలాసేపు గేటు బయటే ఉంది. లోపల ఏం మాట్లాడుకున్నారో మాకు వినిపించలేదు.

మరుసటి వారం కుర్రాడికి ఫోన్ చేసి సామాను తీసుకుపొమ్మన్నాం. అసలు సంగతి చెప్పాను. ముందే చెప్పి ఉంటే ఆ పలకలు కొట్టించేవాణ్ణి కాదు సర్ అన్నాడు. అతని తప్పేమీ లేదు. మేం చూపించిన ఇంటిని అతను ముస్తాబు చేశాడు.

తర్వాత ఆ రెండో ఆమె ఇంటికి నేనే పోయాను. పందిరి గుంజలకు గుడ్డ చుడుతూ ఉంది. నేను చెప్పింది విని, వాన పడ్డదా సార్ అని మాత్రం అడిగింది. పలకలు విప్పించింది. ఉబ్బిన పూత గీకించి సాఫు చేయించింది కానీ మరకను దాచే ప్రయత్నం చేయలేదు. ఆ గోడకు ఎదురుగా ఒక నిజం మంచం వేసింది, కూర్చుంటే ఆగేది. బాపు గొంగడి ఉంటే తెమ్మని మరదలికి చెప్పి, దాన్ని మంచం కాళ్ల వైపు మడిచి పెట్టింది. ఫోటోల కోసం అట్టపెట్టెలు వాడతారని చెప్తే నమ్మలేదు. మరదలు ఆ మంచం మీద కూర్చుని చూసింది. ఆ రోజు సాయంత్రం బస్సు దాకా అక్కడే కూర్చుంది.

పది రోజులకు అవ్వ కొడుకు నాకు ఫోన్ చేశాడు. అమ్మకు ఇల్లు నచ్చింది, ఆ బిడ్డ కూడా నచ్చింది, మాట దాచలేదని. ఒక్కటే అడగమంటోంది. రేవతి పోయాక ప్రాణం పోయి ఉంటే ఆ ఇంటికి ఏ దోషమూ లేదు, గోడ ఉత్తగనే పగలగొట్టినట్టు. కొనుక్కుంటాం. అంతకుముందే పోయి ఉంటే, శాంతి చేయించినా సరే, తన కోడలు ఆ ఇంట్లో ఉండదు. డాక్టరు కాయితం మీద తొమ్మిది అయిదు ఉందట కదా. "మీరు పేపర్ల పనిచేసినోల్లు, మీరు ఏ టైము అంటె గదె పట్టుకుంటం సార్" అన్నాడు.

జడ్చర్లకు పోయి మరదలికి చెప్పాను. డ్యూటీ దిగి వచ్చింది, తలకు పెట్టుకునే నీలం టోపీ ఇంకా చేతిలోనే ఉంది. బిడ్డ సెలవులకు వచ్చి ఉంది, రెండు పెట్టెల మధ్య చాప మీద పడుకుని చదువుకుంటోంది. నేను ఒక్క మాటంటే ఇల్లు అమ్ముడుపోతుంది. అది ముగ్గురికీ తెలుసు.

"నా కోసం అబద్ధం చెప్పకు బావా" అంది మరదలు. "నిజమైతె చెప్పు."

ఏది నిజమో నాకు తెలిస్తే చెప్పడం సులువు. నేను చూసింది శ్వాస ఆగడం. ఆమె పట్టుకున్నది కదిలిన వేలు. ప్రాణం పోయాక కూడా కండరాలు కదులుతాయని ఒక డాక్టరు నాతో అన్నాడు. శ్వాస ఆగిందనుకున్నాక మళ్లీ ఒకటి రెండు రావడం తాను చాలాసార్లు చూశానని ఇంకో డాక్టరు అన్నాడు. కాయితం రాసిన డాక్టరు వేరే ఊరికి పోయాడు. ఫోన్‌లో దొరికినప్పుడు, తనకు ఆ ఇల్లు గుర్తుంది కానీ, తాను వచ్చిన వేళ వేశానో ఇంట్లోవాళ్లు చెప్పిన వేళ వేశానో గుర్తులేదన్నాడు.

అవ్వ కొడుక్కి ఫోన్ చేసి ఇదంతా ఉన్నదున్నట్టు చెప్పాను. నేను రాసుకున్నది, మరదలు చెప్పింది, డాక్టర్లు అన్నది, నాకు తెలియనిది. అతను ఓపికగా విన్నాడు. వాళ్ల అయ్యగారిని అడిగి చెప్తామన్నాడు.

ఇది రాసే రోజుకు వాళ్ల నుంచి ఫోన్ రాలేదు, వద్దని కూడా చెప్పలేదు. నా నోట్‌బుక్కులో ఎనిమిది నలభై అని ఉంది. కాయితంలో తొమ్మిది అయిదు అని ఉంది. ఆ రోజు రేవతి ఎనిమిది యాభై రెండుకు పోయింది. ఇంటికి తాళం వేసి ఉంది.